బంజారా హిల్స్ ఎక్కుతుంటే గుండెదడ

బంజారా హిల్స్ అనగానే మీకు సినిమా తారల బంగళాలు గుర్తుకొస్తాయి. చుట్టపుచూపుగా హైదరాబాదు వచ్చినవాళ్ళు రోడ్డు నంబరు 2లో అన్నపూర్ణ స్టూడియో గేటు, ఆ పైన ఫిల్మ్ నగర్ చూపించమంటారు. ఇదే కొండను వేరే పనిమీద ఎక్కేవాళ్ళూ ఉన్నారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మూడు నాలుగేళ్ళ రిపోర్టులు. ఆటో ఎక్కి "కాన్సర్ ఆస్పత్రి" అంటే చాలు, డ్రైవరు మళ్ళీ దారి అడగడు.

ఈ గుట్టలకూ ఆ జబ్బుకూ ముడి పాతదే. ఇక్కడ బంజారాల తండాలు తప్ప మరేమీ లేని రోజుల్లో, 1930ల ప్రాంతంలో, మెహదీ నవాజ్ జంగ్ అనే పెద్దమనిషి గుట్టరాళ్ళను కలుపుకొని ఇల్లు కట్టుకున్నారు. తరవాతే కలవారు ఒక్కొక్కరుగా కొండెక్కారు. రెడ్ హిల్స్‌లో 1955 నుంచి నడుస్తున్న ప్రభుత్వ కాన్సర్ ఆస్పత్రికి ఉన్నది ఆయన పేరే. ఎం.ఎన్.జె. అంటే ఎవరో అక్కడికి వెళ్ళే వాళ్ళలో చాలామందికి తెలియదు. ఇక ఎన్.టి. రామారావుగారి భార్య బసవతారకంగారు 1985లో కాన్సర్‌తో పోయారు. ఆమె పేరుతో బంజారా హిల్స్‌లో కట్టిన ఆస్పత్రిని 2000 జూన్ 22న అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు.

ఇలాంటి ఆస్పత్రి ఓ.పి. హాల్లో ఒక గంట కూర్చుంటే రెండు రకాల మొహాలు కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఏమీ తెలియదు, కంగారు మాత్రం ఉంటుంది. వైద్యం పూర్తయి చెకప్‌కి వచ్చినవాళ్ళకు అన్నీ తెలుసు. ఆపరేషన్, కీమో సెలైన్లు, జుట్టు రాలడం, కరెంటు పెట్టించుకోవడం అన్నీ అనుభవించినవాళ్ళే. అందుకే వాళ్ళ భయం ఇంకా లోతుగా ఉంటుంది. చెకప్ తేదీకి వారం ముందునుంచే నిద్ర పట్టదు. తలనొప్పి వస్తే మెదడుకు పాకిందేమో, దగ్గు వస్తే ఊపిరితిత్తులకు ఎక్కిందేమో అని లోపల ఒకటే గుబులు. ఇది పిరికితనం కాదు, మతి చలించడమూ కాదు. ఈ జబ్బు దాటిన వాళ్ళలో ఎక్కువమందికి ఎంతో కొంత ఉండే భయమే.

అలాంటి హాల్లో పరిచయమైన ఒక టీచరమ్మ సంగతి చెబుతాను. పేరూ ఊరూ మనకెందుకు. రొమ్ము కాన్సర్‌కి వైద్యం పూర్తయి మూడేళ్ళయింది. రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటున్నారు. పొద్దున్న లేవగానే వేళ్ళు, మోకాళ్ళు బిగుసుకుపోయేవట. దానికి అలవాటు పడ్డారు. తరవాత నడుము పైన వెన్నులో నొప్పి మొదలైంది. ఐదు వారాలు ఎవరికీ చెప్పలేదు.

"ఎందుకమ్మా దాచారు?" అన్నాను.

"వచ్చే నెల అమ్మాయి పెళ్ళండీ. చెబితే మా ఆయన ముహూర్తం వాయిదా వేయిస్తారు. ఒకవేళ తిరగబెట్టి ఉంటే, ఆ మాటేదో పెళ్ళయ్యాకే వింటాను అనుకున్నా."

చివరికి కూతురే పసిగట్టి తీసుకొచ్చింది. ఎం.ఆర్.ఐ. తీశారు. ఎముకలు గుల్లబారి వెన్నుపూస ఒకటి కాస్త నలిగింది. కాన్సర్ కాదు. ఆ మాత్ర కాన్సర్‌ను ఆపుతుంది కాని ఎముకల బలాన్ని తగ్గిస్తుంది, కీళ్ళనొప్పులు తెస్తుంది. క్యాల్షియం, విటమిన్ డి, ఎముకల మందు రాసిచ్చారు. మాత్ర మాత్రం తనంతట తాను మానవద్దని గట్టిగా చెప్పారు.

ఆమెకు అలా తేలింది. అదే నొప్పి ఇంకొకరిలో జబ్బు తిరగబెట్టిన గుర్తు కావచ్చు. ఒంటిమీద చెయ్యి వేసి చూసి, పరీక్ష చేస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. కనుక ఒక లెక్క పెట్టుకోండి. కొత్తగా వచ్చిన బాధ, రెండు వారాలైనా తగ్గకుండా ఉంటే, లేదా రోజురోజుకూ పెరుగుతుంటే, చెకప్ తేదీ కోసం ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. కొత్త గడ్డ చేతికి తగిలినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రాత్రిళ్ళు నిద్రలేపే ఎముక నొప్పి ఉన్నా అంతే. టామాక్సిఫెన్ వాడేవాళ్ళకు ముట్లు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనపడితే తప్పక చూపించుకోవాలి. పాత ఆపరేషన్ మచ్చ దగ్గర పట్టేసినట్టు, చీమలు పాకినట్టు ఉండటం, కీమో తరవాత అరికాళ్ళ తిమ్మిరి, ఇవి చాలామందికి ఏళ్ళ తరబడి ఉంటాయి. వాటినీ చెప్పండి, కాని వాటికోసం అర్ధరాత్రి ఏడుస్తూ కూర్చోకండి.

రెండో రకం మనుషులూ ఉన్నారు. ఏ బాధా లేకపోయినా ఆరు నెలలకోసారి ఒళ్ళంతా పెట్ స్కాన్ తీయమంటారు. రొమ్ము కాన్సర్‌లో బాధ లేనివాళ్ళకు ఇలాంటి స్కాన్ల వల్ల ఆయుష్షు పెరిగినట్టు పరిశోధనల్లో తేలలేదు. ఏడాదికోసారి మామోగ్రామ్, డాక్టరు చేతిపరీక్ష ముఖ్యం. పెద్దపేగు కాన్సర్ దారి వేరు. అక్కడ సి.ఇ.ఎ. రక్తపరీక్ష, సి.టి. స్కాన్, కొలనోస్కోపీ ఒక లెక్క ప్రకారం చేయిస్తారు. పైగా పెట్ స్కాన్‌లో వెలిగేదంతా కాన్సర్ కాదు సుమా! పాత క్షయ, ఏదో ఇన్ఫెక్షన్ కూడా వెలుగుతాయి. మన దేశంలో క్షయ తక్కువేం కాదు. అలా వెలిగిన చోట ముక్క తీసి పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఇంటిల్లిపాదీ అన్నం మానేసిన సందర్భాలు ఉన్నాయి.

ఒకప్పుడు ఈ జబ్బు పేరు పలకడానికే భయం. "పెద్ద జబ్బు" అనేవారు. అన్నపూర్ణ స్టూడియో కట్టిన అక్కినేని నాగేశ్వరరావుగారు 2013 అక్టోబరులో పత్రికలవాళ్ళను పిలిచి తనకు కాన్సర్ అని తానే చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆ పేరు అంత మామూలుగా చెప్పడం చాలా ఇళ్ళకు కొత్త. ఇప్పటికీ అత్తగారికి చెప్పకుండా "గడ్డ తీశారు" అని సరిపెట్టే కుటుంబాలున్నాయి. తన జబ్బేమిటో తెలియని మనిషి ఏ నొప్పిని డాక్టరుకు చెప్పాలో ఎలా తెలుసుకుంటుంది? ఇక పరామర్శకు వచ్చి, "మా తోడికోడలికీ ఇలాగే నడుంనొప్పితోనే తిరగబెట్టింది" అనే ఆవిడకు కాఫీ ఇచ్చి త్వరగా పంపించేయడం మంచిది.

చెకప్‌కి వెళ్ళేముందు చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. నొప్పి ఎక్కడ, ఏ తేదీ నుంచి, ఎప్పుడు ఎక్కువ, దేనితో తగ్గుతోంది, వాడే మాత్రలేమిటి అని రాసుకోండి. గుబులుగా ఉందన్న సంగతీ రాయండి. భయంతో వంటపనీ ఆఫీసుపనీ సాగకపోతే మానసిక వైద్యుడి దగ్గరకు పంపమని మీరే అడగవచ్చు. ఒకవేళ జబ్బు తిరగబెట్టిందని తేలినా అన్ని దారులూ మూసుకుపోయినట్టు కాదు. ఉన్నచోటే తిరిగి వస్తే కొందరికి పూర్తిగా నయమవుతుంది. వేరేచోటికి పాకినా మందులతో ఏళ్ళ తరబడి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళున్నారు.

కొన్నిటికి మాత్రం రెండు వారాల లెక్క వర్తించదు. వెన్నునొప్పితో పాటు కాళ్ళు బలహీనపడినా, మూత్రం మీద పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా, ఆయాసం ముంచుకొచ్చినా, కళ్ళు పచ్చబడినా అదే రోజు బయలుదేరండి. హైదరాబాదు దాకా రావడానికి ఆలస్యమయ్యేట్టుంటే, ముందు మీ జిల్లా ఆస్పత్రికి వెళ్ళి, ఆ ప్లాస్టిక్ కవరు అక్కడి డాక్టరు చేతిలో పెట్టండి.