దిల్‌పసంద్‌కి రంగులద్దితే

దిల్‌పసంద్ బొమ్మ వెయ్యడం కేకు బొమ్మ వేసినంత తేలిక కాదు. కేకు మీద క్రీము పువ్వులూ చెర్రీపండూ ఉంటాయి, ఎవరు గీసినా కేకులాగే కనిపిస్తుంది. దిల్‌పసంద్ పైకి ఉత్త గుండ్రటి రొట్టె. దాని సొగసంతా కడుపులోనే: చక్కెర కలిపిన కొబ్బరికోరు, మధ్యమధ్య ఎర్రవీ పచ్చవీ టూటీఫ్రూటీలు. (అవి పచ్చిబొప్పాయి ముక్కలని ఎవరో చెప్పిన రోజున ఎంత దిగులేసిందో!)

మా అన్నయ్య కూతురు దీన్ని గోడకి తగిలించే పోస్టరుగా గీస్తానని పోస్టరు కలర్లు ముందేసుకుని కూర్చుంది. కొబ్బరి బాగానే లొంగింది. దాదాపు ఆరిన కుంచెతో తెల్లరంగు గీకితే కోరు కోరుగానే తేలింది. చిక్కంతా టూటీఫ్రూటీల దగ్గరే. నిజం ముక్కలో నాలుగైదు దొరికితే గొప్ప. బొమ్మలోనూ అన్నే వేస్తే పిసినారి బేకరీలా ఉంది, గుప్పెడు పోస్తే అబద్ధంలా ఉంది. చివరికి ఎర్రవి కాస్త ఎక్కువ వేసింది. పిల్లలు ముందు ఏరుకు తినేది వాటినే కదా. ఈ సంగతి కెమెరాకేం తెలుసు?

ఇలాంటి బొమ్మలకి పెద్దదిక్కు అమెరికా చిత్రకారుడు వేన్ తీబో. 1920లో పుట్టి 101 ఏళ్లు బతికాడు. కుర్రతనంలో సైన్‌బోర్డులు రాశాడు, పోస్టర్లు గీశాడు. 1963లో వేసిన ‘కేక్స్’ వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. కేకుల్ని ఎదురుగా పెట్టుకోకుండా చాలావరకు జ్ఞాపకంలోంచే గీసేవాడు. నూనెరంగుని క్రీములాగే దట్టంగా పూసేవాడు. నీడలకి నలుపు బదులు నీలం వాడేవాడు.

ఆ నీలం చూసి మా పిల్లకి సరదా పుట్టింది, ముక్క కింద నీలినీడ వేసింది. మా అమ్మ కళ్లజోడు సవరించుకుని, “ఇదేంటే, రొట్టెకి బూజు పట్టించావ్?” అంది. పాపం, పిల్ల ఆ నీడలో ఇటుకరంగు కలిపి మళ్లీ దిద్దింది.

పేరు రాసేటప్పుడు సున్న స్థానంలో చెర్రీ పెడదామా అని నన్నడిగింది. వద్దన్నాను. అలాంటి చమత్కారాలు ఫ్లెక్సీల మీద బోలెడు. బల్లపరుపు కుంచెతో, పాత బేకరీ బోర్డుల మీదున్నట్టు, లావుపాటి అక్షరాలు రాసింది.

అంతా చూసి మా అన్నయ్య, “ధర వెయ్యలేదేం?” అన్నాడు.

“ఏ సంవత్సరం ధర వెయ్యమంటావు నాన్నా?”