బోర్డు పాడవలేదు, గుర్తింపే తప్పు పడింది



ఈ పోస్టు లినక్స్ కంప్యూటర్ గురించి. కంప్యూటర్ చదవని వాళ్లు కూడా చివరిదాకా చదవండి, ఇందులో మన సంగతి కూడా ఉంది.

మా హాస్టల్ వాళ్లం నలుగురం కలిసి ఒక తూకం యంత్రం చేస్తున్నాం. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. వారపు సంతకి చింతపండు, పసుపు మోసుకెళ్లిన మన అమ్మానాన్నలు షావుకారు కాటా ఎంత చూపిస్తే అంతే అని తిరిగొస్తారు. ఇంటి దగ్గర ఒకసారి తూచుకుని వెళ్తే అడగడానికి నోరు వస్తుంది కదా. ఒక లోడ్ సెల్, తక్కువ ధరకి దొరికే నానో బోర్డు తెచ్చుకున్నాం. ఈ రకం బోర్డుల్లో సీహెచ్340 అనే చిప్ ఉంటుంది.

బోర్డు యూఎస్‌బీకి పెట్టగానే టీటీవైయూఎస్‌బీ0 అనే పేరు కనిపించేది, మరుక్షణం మాయమయ్యేది. "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నారు. స్కాలర్‌షిప్ పడలేదు, కొత్తది ఎక్కణ్ణుంచి కొంటాం? పైగా అదే బోర్డు వేరే ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేసింది. అంటే తేడా కంప్యూటర్‌లోనే ఉంది.

లినక్స్‌లో యూడెవ్ అని ఒక సర్వీసు ఉంటుంది. మనకి కనిపించకుండా వెనక నడుస్తూ ఉంటుంది. ఏదైనా పరికరం తగిలించినా, తీసినా కెర్నెల్ దానికి కబురు పంపుతుంది. యూడెవ్ తన దగ్గరున్న రూల్స్ చదివి, వచ్చింది ఎవరు, పేరేం పెట్టాలి, ఎవరికి వాడే హక్కు ఇవ్వాలి, ఏ ప్రోగ్రామ్‌ని లేపాలి అని తేలుస్తుంది. మనం గుమ్మం దగ్గర వచ్చినోళ్లని అడిగినట్టే.

డీమెసేజ్ కమాండ్ కొట్టి కెర్నెల్ రాసుకున్న వరసలు చూశాం. బోర్డు వచ్చింది, వెంటనే బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుంది, పోర్టు తెగిపోయింది. ఆ ప్రోగ్రామ్ చూపు లేనివాళ్ల కోసం తయారైంది. బ్రెయిలీ యంత్రం పెడితే స్క్రీన్ మీది అక్షరాలు వేళ్లకి తగిలేలా చేస్తుంది. ఒక రకం బ్రెయిలీ యంత్రం గుర్తింపు నంబరు, మా చిప్ నంబరు ఒకటే: 1ఎ86, 7523. నంబరు చూసి మా తూకం బోర్డుని బ్రెయిలీ యంత్రం అనుకుంది.

మాకు వెంటనే మన ఊళ్లు గుర్తొచ్చాయి. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నోళ్లు ఎంతమంది! ఒకరి డబ్బులు ఇంకొకరి ఖాతాలో పడితే ఆఫీసుల చుట్టూ తిరిగినోళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. మనిషిలో లోపం లేదు, కాగితం మీద రాసింది చాల్లేదు.

వెతికితే ఎక్కువమంది చెప్పింది ఒకటే: ఆ ప్రోగ్రామ్ తీసిపారెయ్యండి. ఒక్క కమాండ్, అయిపోద్ది. కానీ మా హాస్టల్‌లో చూపు లేని తమ్ముడు ఒకడు ఉన్నాడు. ఇప్పుడు ఫోన్‌లో విని చదువుకుంటున్నాడు. రేపు ఆ కంప్యూటర్‌కి బ్రెయిలీ యంత్రం వస్తే? మన పని అవ్వడానికి ఇంకొకరి దారి మూసేస్తే, మనల్ని పక్కకి నెట్టినోళ్లకీ మనకీ తేడా ఏముంది?

అందుకే ఇలా చేశాం. సిస్టమ్‌తో వచ్చిన రూల్స్ యూఎస్‌ఆర్ లోపల లిబ్, యూడెవ్, రూల్స్.డీ ఫోల్డర్‌లో ఉంటాయి. మనం రాసుకునేవి ఈటీసీ లోపల యూడెవ్, రూల్స్.డీలో పెట్టాలి. రెండు చోట్లా ఒకే పేరుతో ఫైల్ ఉంటే ఈటీసీలోదే చెల్లుతుంది. ఆ బ్రెయిలీ రూల్స్ ఫైల్‌ని అదే పేరుతో ఈటీసీలోకి కాపీ చేసి, మా నంబరున్న ఒక్క వరస ముందు హ్యాష్ గుర్తు పెట్టాం. మిగతా బ్రెయిలీ యంత్రాల వరసలు ముట్టుకోలేదు. ఆ నంబరున్న యంత్రమే వస్తే హ్యాష్ తీసేస్తే చాలు, ఆ సంగతి ఫైల్‌లోనే రాసిపెట్టాం.

తర్వాత 99తో మొదలయ్యే ఇంకో చిన్న ఫైల్ రాశాం: ఈ నంబరున్న సీరియల్ పోర్టు వస్తే 'తూకం' అని కూడా పేరు పెట్టు. రూల్‌లో రెండు ఈక్వల్ గుర్తులు పెడితే "ఇలా ఉంటే" అని, ఒక్కటి పెడితే "ఇలా చెయ్యి" అని అర్థం. పేరు కలపడానికి ప్లస్, ఈక్వల్ పెట్టాలి. తర్వాత యూడెవ్ ఎడిఎం కంట్రోల్ రీలోడ్ కొట్టి, బోర్డు తీసి మళ్లీ పెట్టాం. పోర్టు నిలబడింది.

ఇంకో మాట. పర్మిషన్ లేదంటే ప్రతిసారీ సీహెచ్‌మాడ్ కొట్టకండి, బోర్డు తీసి పెడితే అది పోతుంది. మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రండి.

ఇదంతా నోటుబుక్కులో తెలుగులో రాసి ల్యాబ్‌లో పెట్టాం, వచ్చే ఏడాది తమ్ముళ్లు, చెల్లెళ్లు టౌన్ నుంచి ఎవరో వచ్చేదాకా ఆగకూడదని. మీ దగ్గర ఎవరైనా "బోర్డు పోయింది" అంటే, డబ్బులు తీసేముందు డీమెసేజ్ చూడండి.