8760 గంటల ఉద్యోగం

పెళ్లిళ్లలో ‘ఏం చేస్తున్నావమ్మా?’ అని అడిగేవాళ్లకు నా దగ్గర రెండు జవాబులుంటాయి. తొందరలో ఉన్నవాళ్లకైతే ‘కరెంటు లెక్కలు’. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నవాళ్లకైతే ‘ఎనర్జీ సిస్టమ్స్ మోడలింగ్’. మొదటిది విన్నవాళ్లు మీటరు రీడింగ్ తీస్తాననుకుంటారు. రెండోది విన్నవాళ్లు అమెరికా ఎప్పుడు వెళ్తున్నావని అడుగుతారు.

అసలు పని ఇదీ. ఏడాదికి 8760 గంటలు. ఒక రాష్ట్రానికి అందులో ఏ గంటకు ఎంత కరెంటు కావాలి? దాన్ని బొగ్గు నుంచి తేవాలా, ఎండ నుంచా, గాలి నుంచా, నీళ్ల నుంచా, బ్యాటరీ నుంచా? పదేళ్ల తర్వాత సరిపోవాలంటే ఇప్పటి నుంచే ఏమేం కట్టడం మొదలుపెట్టాలి? ఇదంతా సమీకరణాలుగా రాసి, అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యే దారిని కంప్యూటర్‌తో వెతికిస్తాం.

దీని వెనకున్న గణితం లీనియర్ ప్రోగ్రామింగ్. సీబీఎస్‌ఈ ప్లస్‌టూ లెక్కల పుస్తకంలో చిన్న పాఠంగా ఉంటుంది. 1939లో లియొనిద్ కాంటొరోవిచ్ అనే సోవియట్ గణితవేత్త, ప్లైవుడ్ ఫ్యాక్టరీలో ఏ యంత్రానికి ఏ పని అప్పజెబితే ఎక్కువ సరుకు వస్తుందో చూడబోయి ఈ పద్ధతి కనిపెట్టాడు. 1975లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ పాఠంలో రెండే భాగాలు. ఒకటి లక్ష్యం: ఖర్చు తగ్గాలి. రెండోది షరతులు: రాత్రి ఎండ ఉండదు, జలాశయంలో లేని నీళ్లు వదల్లేం, బొగ్గు ప్లాంటును ఫ్యాన్‌లా స్విచ్ వేసి ఆపలేం, ప్రతి గంటా వాడకమూ ఉత్పత్తీ సమానంగా ఉండాలి.

ఈ లెక్క తేడా కొడితే ఏమవుతుందో మన దేశం చూసింది. 2011 చివర్లో వచ్చిన 18వ విద్యుత్ సర్వే, 2021-22 నాటికి గరిష్ఠ డిమాండు 2,83,470 మెగావాట్లు ఉంటుందని అంచనా వేసింది. తీరా ఆ ఏడాది అది సుమారు 2,03,000 దగ్గరే ఆగింది. పెళ్లికి వెయ్యి మంది వస్తారని వండిస్తే ఏడొందల మంది వచ్చినట్టు. పెళ్లి భోజనమైతే మిగిలింది పంచిపెట్టొచ్చు. ప్లాంటుతో ఒప్పందం చేసుకున్నాక మాత్రం కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా డిస్కంలు స్థిర చార్జీలు కట్టాల్సిందే. ఆ భారం చివరికి మనమీదే పడుతుంది. కొనేవాళ్లు దొరక్క కొన్ని, బొగ్గు అందక కొన్ని, 2018 నాటికి 34 థర్మల్ ప్రాజెక్టులు, అంటే సుమారు 40 వేల మెగావాట్లు, ఇబ్బందుల్లో పడ్డాయని పార్లమెంటు స్థాయీ సంఘం లెక్క తేల్చింది.

అలాగని తక్కువ వేసుకుంటే? 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు ప్రకటించిన పవర్ హాలిడేలు గుర్తున్నవాళ్లను అడగండి.

నేను ఈ వృత్తిలోకి రావడానికి మాత్రం ఇంత పెద్ద అంకెలు కారణం కాదు. మాది అనంతపురం వైపు. నా చిన్నప్పుడు వ్యవసాయానికి ఉచిత కరెంటు 7 గంటలు, అదీ రెండు విడతలుగా. పగలు కొంత, రాత్రి కొంత. రాత్రి విడత పడిందంటే నాన్న టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గరికి పోవాల్సిందే. చీకటి, తడినేల, అతుకులేసిన వైర్లు, పాములు. అలా వెళ్లి తిరిగిరాని రైతులు మా చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. నాన్న వచ్చేదాకా అమ్మ పడుకునేది కాదు. కొందరు ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడుతుంది. కానీ అందరి మోటార్లూ ఒకే క్షణంలో ఆడితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. అందుకే అవి తీసేయమని కరెంటోళ్లు వెంటపడేవాళ్లు.

ఇదంతా మోడల్లో ఎలా ఉంటుందో తెలుసా? ఒక్క వరుస. ‘వ్యవసాయ లోడు: జరపదగినది’ అని. అందులో తర్కం ఉంది. సిటీలో ఇంటికి ‘అన్నం రాత్రి రెండింటికి వండుకో’ అని చెప్పలేం. ఫ్యాక్టరీకి చెబితే షిఫ్టు పోతుంది. పొలం ఫీడరును మాత్రం ఎప్పుడంటే అప్పుడు వేయొచ్చు, తీయొచ్చు. బొగ్గు ప్లాంట్లే ఎక్కువగా ఉన్న రోజుల్లో అర్ధరాత్రి వాడకం తగ్గి కరెంటు మిగిలేది. తక్కువ ఖర్చు దారి వెతికే ఏ లెక్కయినా మోటార్లను ఆ గంటల్లోకే నెడుతుంది. దాంట్లో ఎవరి దురుద్దేశమూ లేదు. నాన్న నిద్ర ఆ సమీకరణంలో ఎక్కడా లేదు, అంతే.

ఇప్పుడు గాలి మారింది. సోలార్ పెరిగాక మధ్యాహ్నం కరెంటు చవకైంది. అదే మోడల్ ఇప్పుడు మోటార్లను తనంతట తనే పగటిపూటకు తెస్తుంది. విధానాలూ ఆ దారిలోనే నడిచాయి. మహారాష్ట్ర 2017లోనే పొలం ఫీడర్లకు సోలార్ పథకం పెట్టింది. కేంద్రం 2019లో పీఎం-కుసుమ్ తెచ్చింది. గుజరాత్ 2020లో పగటి కరెంటు కోసం కిసాన్ సూర్యోదయ యోజన మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ పగలే 9 గంటలు అంది. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి ఏకంగా 24 గంటలు అంది.

ఒకసారి ఫోన్లో ఇదంతా చెబుతుంటే నాన్న అడిగాడు: “రాత్రి కరెంటు తీసేసేకి ఉందామ్మా దాంట్లో?”

ఉంది. రెండు రకాలుగా ఉంది. ఒకటి, రాత్రిపూట పొలానికిచ్చే ప్రతి యూనిట్‌కూ ఇంత అని అదనపు ఖర్చు రాయడం. అప్పుడు కంప్యూటర్ బేరం ఆడుతుంది. ఆ ఖర్చు కట్టినా లాభమే అనిపిస్తే మోటార్లను మళ్లీ అర్ధరాత్రికి పంపేస్తుంది. పైగా అమ్మ మేలుకున్న రాత్రికి యూనిట్‌కు ఎన్ని పైసలు రాయను? రెండోది, దాన్ని షరతుగా రాయడం. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 5 దాకా ఆ వరుసలో సున్నా. షరతుతో బేరం ఉండదు. కానీ ఆ షరతును ఒక్క యూనిట్ మేర సడలిస్తే మొత్తం ఖర్చు ఎంత తగ్గుతుందో కంప్యూటరే చెబుతుంది. దాన్ని షాడో ప్రైస్ అంటారు. అప్పుడు ఆ అంకె అందరి ముందూ ఉంటుంది. భరించాలా వద్దా అన్నది ప్రభుత్వమూ జనమూ తేల్చుకోవాలి.

ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే: దేన్ని ఖర్చుగా రాయాలి, దేన్ని షరతుగా రాయాలి. శ్రీశైలం నీళ్లను ఒక్క కరెంటు కోసమే లెక్కేస్తే చాలా చవక. తాగునీరు, సాగునీరు షరతులుగా రాస్తే జవాబు వేరే. సోలార్ పార్కుకు ‘ఖాళీ భూమి’ అని మ్యాపులో కనిపించేది, మా జిల్లాలో గొర్రెలు మేసే బీడు కావచ్చు. పగటి కరెంటు మంచిదే, కానీ ఆపకుండా తోడితే బోర్లు ఎండుతాయి. కరెంటును మాత్రమే లెక్కపెట్టే మోడల్‌కు భూగర్భ జలం కనిపించదు.

ఇంకో సంగతి. నేటి జవాబు రైతుకు అనుకూలంగా వచ్చింది సోలార్ ధర పడిపోయింది కాబట్టి. రేపు బ్యాటరీలు బాగా చవకై, రాత్రి గాలి కరెంటు కూడా తోడై లెక్క మళ్లీ తిరగబడితే? షరతు రాసి ఉండకపోతే ఆ వరుస మళ్లీ అర్ధరాత్రికి జరుగుతుంది. అడిగేవాళ్లుండరు.

ఇందులోకి రావాలంటే ఈఈఈ చదివి తీరాలని లేదు. ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్, గణితం చదివినవాళ్లూ ఉన్నారు. పైథాన్ రావాలి. పైప్సా, ఓసీమోసిస్ లాంటి మోడలింగ్ టూల్స్ ఉచితంగా దొరుకుతాయి, మామూలు ల్యాప్‌టాప్‌లో చిన్న మోడల్ నడుస్తుంది. దేశం నిన్న ఎంత కరెంటు వాడిందో గ్రిడ్ ఇండియా రోజూ వెబ్‌సైట్లో పెడుతుంది. దాన్ని దించుకుని ఒక వారం గ్రాఫ్ గీయండి, సాయంత్రం సోలార్ పడిపోయే వేళ ఏం జరుగుతుందో మీకే కనిపిస్తుంది. ఢిల్లీ, పుణె, బెంగళూరుల్లోని పరిశోధన సంస్థలు, కన్సల్టెన్సీలు, సోలార్, గాలి కంపెనీలు, డిస్కంలు, లోడ్ డిస్పాచ్ సెంటర్లు... ఈ పని తెలిసినవాళ్లు అందరికీ కావాలి.

గ్లామర్ తక్కువ. సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిన నా క్లాస్‌మేట్ల జీతం నాకన్నా ఎక్కువే. రోజులో సగం ఎక్సెల్ ఫైళ్లు శుభ్రం చేయడానికే పోతుంది. ఒక ఫైల్లో మెగావాట్లు, ఇంకోదాంట్లో మిలియన్ యూనిట్లు, ఒకే సబ్‌స్టేషన్‌కు మూడు స్పెల్లింగులు. కానీ మీ ఊళ్లో బోరు ఎప్పుడు ఆడుతుందో, ఏ బీడులో ఏం మేస్తుందో మీకు తెలిసి ఉంటే, అది ఏ కోర్సూ నేర్పని అర్హత.

నేనిప్పుడు పనిచేస్తున్న మోడల్లో రాత్రి 10 నుంచి 5 దాకా వ్యవసాయం వరుసలో సున్నా ఉంది. రిపోర్టులో దాని కిందే ఆ సున్నా ఖరీదెంతో పట్టిక పెట్టాం. రేపు నా కుర్చీలో ఎవరు కూర్చున్నా, దాన్ని మార్చాలనుకుంటే ఆ పట్టిక చూసి, ఎందుకో కారణం రాసి మార్చాలి.