పిట్ బల్ల మీద నైట్రో కారు

పదోవంతు కొలతలో తయారయ్యే, రిమోట్‌తో నడిచే నైట్రో టూరింగ్ కారు వెడల్పు 200 మిల్లీమీటర్లు. ఆ అంకె మీదే దాని పందెం తరగతికి పేరు పడింది. ఇంజిన్ 2.11 సీసీ, ట్యాంకు 75 సీసీ మించకూడదని నియమం. రెండు కిలోలైనా తూగని ఈ కారు, తిన్నని దారి తగినంత దొరికితే, గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. ఇంజిన్ నిమిషానికి 30 వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. బొమ్మే కదా అని ఆగిన కారును పట్టుకోబోతే వేళ్లు కాలతాయి.

ఈ కార్ల తయారీకి పేరుపడ్డ సంస్థలు ఎక్కువగా ఐరోపాలోనూ జపాన్‌లోనూ ఉన్నాయి. ఎక్స్‌రే ఎన్‌టీ1 స్లొవేకియాలోని ట్రెన్చిన్ పట్టణం నుంచి వచ్చింది. కొలత పనిముట్లకు, స్టార్టర్ పెట్టెలకు పేరొందిన హూడీ సంస్థదీ ఆ ఊరే. ముగెన్ ఎంటీఎక్స్ వరుస, క్యోషో వీ-వన్ వరుస జపాన్‌వి. సెర్పెంట్ నెదర్లాండ్స్‌లో పుట్టింది. ఒసాకాకు చెందిన ఓ.ఎస్. సంస్థ 1936 నుంచి చిన్న ఇంజిన్లు చేస్తోంది.

ఐరోపాలో పందెం రోజున క్లబ్ ట్రాక్‌కు వెళ్లినవారికి తారు దారి కన్నా ముందు పిట్ షెడ్డు ఎదురవుతుంది. వరుసగా బల్లలు, ఒక్కో బల్ల మీద పైకప్పు తీసిన కారు, పక్కన అలెన్ కీలు, ఇంధనం సీసా, చిన్న లేత్ ఉంటాయి. మిథనాల్, ఆముదం కలిసి కాలిన వాసన షెడ్డంతా నిండి ఉంటుంది. పందెంలో సగం పని ఈ బల్లల దగ్గరే జరుగుతుంది. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడిస్తే ఆ పని క్రమం అర్థమవుతుంది.

మొదటి పని చాసీ సర్దడం. కారును నేల మీద కాకుండా, వంపు ఏమాత్రం లేని చదునైన పలక మీద పెడతారు. షాక్ అబ్జార్బర్లు విప్పి, యాంటీ రోల్ బార్లు వదులు చేసి, టైర్ల స్థానంలో కొలత చట్రాలు బిగిస్తారు. చక్రం కిందికి ఎంతవరకు వాలవచ్చో ఆపే స్క్రూను ముందు సర్దుతారు. తర్వాత చక్రం నిలువు వంపు, అంటే క్యాంబర్. ఆపైన చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, అంటే టో. నేల నుంచి చాసీ ఎత్తు సాధారణంగా 5, 6 మిల్లీమీటర్లు. వెనుక చక్రాల టో రెండు మూడు డిగ్రీలు లోపలికి ఉంటే కారు వెనుక భాగం నిలకడగా ఉంటుంది. చివరగా షాక్ అబ్జార్బర్లు, యాంటీ రోల్ బార్లు మళ్లీ తగిలించి, కుడి చక్రం, ఎడమ చక్రం ఒకేసారి పలక మీద నుంచి లేస్తున్నాయో లేదో చూస్తారు. ఒక వైపు ముందుగా లేస్తే కారు మెలి తిరిగి ఉన్నట్టే. ఆ మెలి ఉన్నంతవరకు కారు ఒక మలుపులో ఒకలా, ఎదురు మలుపులో ఇంకోలా నడుస్తుంది.

పక్క బల్ల మీద లేత్ తిరుగుతూ ఉంటుంది. ఈ తరగతిలో గాలి నింపే టైర్లు ఉండవు, చక్రానికి అంటించిన ఫోమ్ ఉంటుంది. దాన్ని లేత్ మీద చెక్కి కావలసిన వ్యాసానికి తెస్తారు. మెత్తటి ఫోమ్ పట్టు ఎక్కువ ఇస్తుంది, త్వరగా అరుగుతుంది. గట్టిది పట్టు తగ్గినా ఎక్కువసేపు నిలుస్తుంది. 62 మిల్లీమీటర్ల టైరు 57కు అరిగితే ఇంజిన్ ఒక చుట్టుకు కారు పోయే దూరం 8 శాతం తగ్గుతుంది. గేరు మార్చకుండానే గేరు మారినట్టవుతుంది. కారు ఎత్తూ తగ్గుతుంది. అందుకే మొదటి ల్యాపులో బాగున్న కారు చివరి ల్యాపులో బాగుండాలని లేదు. అరిగిన టైరును చేతిలోకి తీసుకుంటే క్యాంబర్ సంగతి తెలిసిపోతుంది. లోపలి అంచు ఎక్కువ అరిగి టైరు గరాటులా అయితే క్యాంబర్ ఎక్కువైనట్టు, బయటి అంచు అరిగితే తక్కువైనట్టు.

ఇంజిన్ బల్ల దగ్గర మాటలు తగ్గి, వినడం ఎక్కువవుతుంది. ఈ టూ స్ట్రోక్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ లేదు. దాని స్థానంలో ఉండే గ్లో ప్లగ్‌లోని ప్లాటినం తీగ, మిథనాల్ ఆవిరి తగిలి ఎర్రగా నిలిచి మంట అంటిస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేసేందుకు మాత్రం ఒకటిన్నర వోల్టుల లోపు బ్యాటరీతో తీగను వేడి చేస్తారు. ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్, నూనె ఉంటాయి. ఒక గ్రాము మిథనాల్ కాలడానికి 6.4 గ్రాముల గాలి కావాలి. నైట్రోమీథేన్‌కు 1.7 గ్రాములు చాలు. అదే గాలితో ఎక్కువ ఇంధనం కాలుతుంది కాబట్టి బలం పెరుగుతుంది. ఐరోపా సమాఖ్య 2019 నిబంధన సాధారణ ప్రజలకు 16 శాతానికి మించిన నైట్రోమీథేన్ మిశ్రమాలపై ఆంక్ష పెట్టింది.

సిలిండర్ గొట్టం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైన బిగుసుకుంటుంది. వేడెక్కి గొట్టం వ్యాకోచించాకే సరైన సందు ఏర్పడుతుంది. అందుకే కొత్త ఇంజిన్‌ను హెయిర్ డ్రయర్‌తో ముందే వెచ్చబెట్టి తిప్పుతారు. మొదటి కొన్ని ట్యాంకులు ఇంధనం ధారాళంగా ఇచ్చి, వేడెక్కించి, చల్లారనిచ్చి నడుపుతారు. ఇక్కడ తొందరపడితే పిస్టన్ బిగువు పోతుంది, ఆ ఇంజిన్ మళ్లీ పందెం ఇంజిన్ కాదు.

కార్బురేటర్‌కు రెండు సూదులు ముఖ్యం. పెద్ద సూది పూర్తి వేగానికి, చిన్నది ఐడిల్‌కూ వేగం అందుకునే తొలి క్షణాలకూ. కుడివైపు తిప్పితే ఇంధనం తగ్గి ఇంజిన్ లీన్ అవుతుంది, ఎడమకు తిప్పితే రిచ్ అవుతుంది. ముందు పెద్ద సూది, తర్వాత చిన్నది, చివర ఐడిల్ స్క్రూ. ఈ వరుస తప్పితే మళ్లీ మొదటికే రావాలి. తిన్నని దారిలో కారు వెనుక సన్నని పొగ గీత కనబడాలి. పొగ మాయమై ఇంజిన్ కీచుమంటే లీన్ అయినట్టు. నూనె కూడా ఇంధనంతోనే లోపలికి పోతుంది కనుక, ఇంధనం తగ్గితే నూనె తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. కాసేపటికి ఇంజిన్ పట్టేస్తుంది. చిన్న సూదికి ఒక పరీక్ష ఉంది. ఐడిల్‌లో ఇంధనం గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టుకోవాలి. వేగం కొద్దిగా పెరిగి, రెండు మూడు సెకన్లకు ఇంజిన్ ఆగితే సర్దుబాటు కుదిరింది. వెంటనే ఆగితే లీన్, చాలాసేపు కొట్టుకుంటూ ఉంటే రిచ్. ప్లగ్ దగ్గర వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తారు; 100 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం మామూలు.

వాతావరణం సూదిని కదిలిస్తుంది. చల్లటి ఉదయం గాలి చిక్కగా ఉంటుంది. మధ్యాహ్నం వేడికి పలుచబడి అదే సూది రిచ్ అవుతుంది. మధ్యాహ్నం కుదిర్చిన సూదిని సాయంత్రం చల్లబడ్డాక అలాగే వదిలేస్తే లీన్ అయి ఇంజిన్‌కు ప్రమాదం. ఎత్తుకూ ఇదే సూత్రం. విశాఖ తీరంలో కుదిరిన సూది, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో కాస్త రిచ్‌గా నడుస్తుంది.

తర్వాతిది క్లచ్, గేర్‌బాక్స్. చుట్లు పెరిగినప్పుడు క్లచ్ బరువులు బయటికి విసిరినట్టు కదిలి షూను గంటకు, అంటే క్లచ్ బెల్‌కు, అదుముతాయి. స్ప్రింగ్ బిగిస్తే పట్టు ఆలస్యమై కారు ఎగిరి పడినట్టు బయలుదేరుతుంది. వదులు చేస్తే మెల్లగా కదులుతుంది. షూకీ గంటకీ మధ్య సందు ఒక మిల్లీమీటరు లోపే, సన్నని షిమ్‌లతో సర్దుతారు. రెండో గేరు కూడా ఇలా చుట్ల బలంతోనే పడుతుంది. ఎప్పుడు పడాలో ఒక చిన్న స్క్రూ తేలుస్తుంది. మలుపు మధ్యలో గేరు పడితే కారు అదుపు తప్పుతుంది కనుక ట్రాక్‌ను చూసి దాన్ని తిప్పుతారు. అక్కడి నుంచి బెల్టులు శక్తిని నాలుగు చక్రాలకూ చేరుస్తాయి.

అప్‌గ్రేడ్ల విషయంలో కొత్తవాళ్లు ముందు పెద్ద ఇంజిన్ కోసం చూస్తారు. అనుభవం ఉన్నవారి బల్ల మీద క్రమం వేరు. ముందు అరిగిన బేరింగులు మార్చడం, తర్వాత సరైన టైర్లు, ఆ తర్వాత కొలత పనిముట్లు. స్టీరింగ్‌కు వేగవంతమైన సర్వో, కార్బురేటర్‌నూ బ్రేకునూ కలిపి నడపడానికి బలమైన సర్వో. సంకేతం తెగినప్పుడు బ్రేకు పడేలా ఫెయిల్‌సేఫ్ తప్పనిసరి. తాడు లాగి స్టార్ట్ చేసే అమరిక తీసేస్తే బరువు తగ్గుతుంది, ఇక స్టార్టర్ పెట్టె అవసరమవుతుంది. ఎగ్జాస్ట్ పైపు, ఇంజిన్ చివర. మెరిసే అల్యూమినియం సస్పెన్షన్ చేతులు బిగించడం మాత్రం చాలాసార్లు నష్టమే. ప్లాస్టిక్ చేయి దెబ్బకు వంగి యథాస్థితికి వస్తుంది. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండి, సర్దిన కోణాలన్నీ చెడగొడుతుంది. ఏది మార్చినా ఒకసారికి ఒకటే మార్చి, కాగితం మీద రాసుకుని, స్టాప్‌వాచ్‌తో సరిచూస్తారు. రెండు ఒకేసారి మారిస్తే మేలు దేనివల్లో తెలియదు.

పందెంలో డ్రైవర్లు ఎత్తైన వేదిక మీద, సహాయకులు కింద పిట్ దారిలో ఉంటారు. ట్యాంకు నాలుగైదు నిమిషాలకు ఖాళీ అవుతుంది కనుక, అరగంట ఫైనల్‌లో అయిదారు సార్లు కారు లోపలికి రావాలి. సహాయకుడు కారును ఒక చేత్తో పైకెత్తి, రెండో చేత్తో ఇంధనం కొట్టి, కొద్ది సెకన్లలో దారిలో పెడతాడు. నిండు ట్యాంకు ఇంధనం బరువు దాదాపు 65 గ్రాములు. బయటికి వచ్చిన కారు, లోపలికి వెళ్లిన కారు తూకంలో ఒకటి కావు. టైరు అరుగుదల, వేడి కూడా కలిస్తే కారు ప్రతి నిమిషం మారుతున్నట్టే. బల్ల మీద కుదిర్చిన సర్దుబాటు ఈ మార్పులన్నిటికీ మధ్యస్థంగా, ఏ స్థితిలోనూ కారు మొరాయించకుండా ఉండేలా ఎంచుకున్నది.

పందెం ముగిశాక ఇంకో పని మిగులుతుంది. మిథనాల్ తేమను పీల్చుకుంటుంది, తేమ బేరింగులను తుప్పు పట్టిస్తుంది. అందుకే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం పూర్తిగా కాలిపోయేదాకా ఇంజిన్ నడిపి, లోపల సంరక్షణ నూనె చుక్కలు వేసి తిప్పుతారు. ఇంజిన్ చల్లారకముందే ఫ్లైవీల్ మీద గుర్తు చూసి పిస్టన్‌ను కింది కొసన నిలుపుతారు. పైన బిగుసుకున్న చోటే చల్లారితే సిలిండర్ గొట్టం తన బిగువు కోల్పోతుంది. ఈ చివరి పని అయ్యాకే కారుకు పైకప్పు వేసి, పెట్టె మూస్తారు.