ధర ఆగింది, పెరగలేదు

రాయపూర్ పక్కనున్న మా బీర్‌గావ్‌లో చేతిలో నాలుగు డబ్బులు మిగిలినవాళ్ల మధ్య ఈమధ్య ఒక మాట గట్టిగా నలుగుతోంది. రెండు తలుపుల పాత బెంజి గానీ, ఆడి టీటీ గానీ, బీఎండబ్ల్యూ సిక్స్ సిరీస్ గానీ చౌకగా దొరికితే కొని పక్కన పెట్టుకుంటే చాలట. ఇలాంటి కూపేలు ఇక రావు కాబట్టి రేటు పెరగడమే తప్ప తగ్గడం ఉండదట. ఉర్లా, సిల్తరా ఇనుప మిల్లులకు లారీలు తిప్పేవాళ్లు, లేబర్ కాంట్రాక్టులు చేసేవాళ్లు, తుక్కు వ్యాపారంలో నిలదొక్కుకున్నవాళ్లు కష్టపడి కూడబెట్టిన పది పదిహేను లక్షలు చేతిలో పెట్టుకుని ఈ మాట వింటున్నారు. అందుకే దీన్ని ఊసుపోక మాటగా వదిలేయలేను. నా డబ్బు లెక్కలో కారు ఎంత అందమైనదైనా, ఎంత అరుదైనదైనా ఖర్చు పద్దులోనే ఉంటుంది. ఆస్తి పద్దులోకి రావాలంటే అది కొన్ని పరీక్షలు నెగ్గాలి. మన దేశంలో, ముఖ్యంగా మన ఊళ్లో, పాత లగ్జరీ కూపే ఆ పరీక్షలు నెగ్గడం లేదు.

అలాగని ఈ మాట గాల్లోంచి పుట్టిందేమీ కాదు. 2022 మే 5న జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, మెర్సిడీస్ మ్యూజియంలో జరిగిన వేలంలో 1955 నాటి 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే 13.5 కోట్ల యూరోలు పలికింది. అలాంటివి లోకంలో రెండే ఉన్నాయి. అంత పైకి వెళ్లక్కర్లేదు. గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న పోర్షే 911లు 1998తో ఆగిపోయాక, 2000–2006 మధ్య వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3 కూపేలు కొంత పాతబడ్డాక, యూరప్‌లో, అమెరికాలో వాటి ధరలు ఒక దశలో పడి, మళ్లీ లేచాయి. అయితే ఆ లేవడం వెనక ఆసరాలు చాలా ఉన్నాయి. ఆ ఒక్క మోడల్ మీదే బతికే మెకానిక్‌లు, పాత పార్టులు మళ్లీ పోతపోసే కంపెనీలు, ప్రతి అమ్మకాన్నీ నమోదు చేసే వేలం సంస్థలు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద ఆసరా చట్టం. జర్మనీలో ముప్పై ఏళ్లు నిండి, అసలు రూపంలో ఉన్న కారుకు ప్రత్యేక నంబరు ప్లేటు, తేలికపాటి పన్ను దొరుకుతాయి. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన కారుకు వాహన పన్నే లేదు. అంటే కారు ముసలిదయ్యే కొద్దీ దాన్ని ఉంచుకోవడం తేలికవుతుంది.

మన దగ్గర జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తరవాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ పొడిగింపు ఫీజు మామూలు కారుకు 5,000 రూపాయలు, దిగుమతి కారుకు 40,000. 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో ఇరవై ఏళ్లు దాటితే మామూలు కారుకు 10,000, దిగుమతి కారుకు 80,000 అయింది. మనం మాట్లాడుకుంటున్న కూపేలు దాదాపు అన్నీ బయట తయారై ఓడలో వచ్చినవే. పెద్ద ఫీజు పడేది వాటికే. మరి గౌరవం ఎప్పుడు దక్కుతుంది? 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధన ప్రకారం యాభై ఏళ్లు నిండాలి, అసలు రూపం చెడకుండా ఉండాలి. అప్పుడు కూడా అది ప్రదర్శనలకూ ర్యాలీలకే గానీ రోజూ తిరగడానికి కాదు. 2008లో రోడ్డెక్కిన కూపేకు 2023లో పదిహేనేళ్లు నిండాయి. అది వింటేజ్ అయ్యేది 2058లో. మధ్యలో ఉన్న ముప్పై ఐదేళ్లూ అది చట్టం దృష్టిలో పాత బండి మాత్రమే. ఆ లోయ దాటించేది యజమాని జేబే.

ఇంతకీ జనం చూస్తున్న పెరుగుదల ఏమిటి? నాకు కనిపిస్తున్నంతలో అది పెరుగుదల కాదు, పడటం ఆగిపోవడం. బీమా కంపెనీలు కారు విలువ కట్టే పద్ధతిలో ఏడాది నుంచి రెండేళ్ల మధ్య 20 శాతం, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 50 శాతం తరుగు తీసేస్తారు. ఐదేళ్లు దాటితే పట్టికే లేదు, కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ. దిగుమతి సుంకాలతో అసలు ధర దాదాపు రెట్టింపై వచ్చిన కారుకు సెకండ్ హ్యాండ్‌లో ఈ పతనం ఇంకా నిట్టనిలువుగా ఉంటుంది. పడిపడి ఒకచోట ఆగాక రెండు మూడేళ్లు అదే ధర నిలిస్తే, కిందటేడు పది లక్షలు అన్నవాడు ఈ ఏడు పదకొండు అంటే, అది లేచినట్టు అనిపిస్తుంది. అడిగిన ధర వేరు, డబ్బు చేతులు మారిన ధర వేరు అన్న సంగతి ఆ హుషారులో మరుగున పడుతుంది. రూపాయి తరుగుదల కూడా పక్కన పెట్టకూడదు. 2010లో ఇరవై వేల ప్రాంతంలో ఉన్న పది గ్రాముల బంగారం 2025లో లక్ష దాటింది. ఆ కొలబద్ద పక్కన నిలబెడితే ధర ఆగిన కారు కూడా దిగజారుతున్న కారే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం, అంకెలు ఊహకే. పన్నెండు లక్షలకు కూపే కొన్నారు. బీమా, సర్వీసు, టైర్లు, బ్యాటరీ, అప్పుడప్పుడు ఓ పెద్ద పార్టు కలిపి ఏడాదికి లక్షన్నర. ఇలాంటి కారుకు ఇది ఎక్కువేమీ కాదు. అదే డబ్బు పన్ను పోగా 5 శాతం వచ్చే డిపాజిట్లో పడి ఉంటే పదేళ్లకు మొదటి పన్నెండు లక్షలు పందొమ్మిదిన్నర అవుతాయి, ఏటా వేసిన లక్షన్నరలు దాదాపు పందొమ్మిది అవుతాయి. అంటే పదేళ్ల తరవాత ఆ కారు ముప్పై ఎనిమిది లక్షలకు పైగా అమ్ముడుపోతేనే యజమాని నష్టపోనట్టు. కొన్న ధరకు మూడింతలు! రేటు పెరుగుతుంది అనేవాళ్లెవరూ ఈ అంకె చెప్పరు, ఎందుకంటే మేపిన ఖర్చు వాళ్ల లెక్కలోనే ఉండదు.

ఆ మేత మన ఊళ్లో మరీ ఎక్కువ. స్పాంజ్ ఐరన్ ప్లాంట్లూ రోలింగ్ మిల్లులూ ఉన్న చోట గాలిలో సన్నటి ఇనుప రజను తేలుతుంటుంది. తెల్ల కారు బానెట్‌ను ఎండలో వంగి దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఆవగింజలో సగం కూడా లేని నారింజ రంగు చుక్కలు వందల కొద్దీ ఉంటాయి, వేలితో తడిమితే ఉప్పుకాగితంలా గరగర అంటుంది. మంచు తడికి ఆ రజను తుప్పుపట్టి పెయింట్‌ను కరుచుకుంటుంది. నీళ్లతో పోదు. మందు వేసి, ముద్దతో రుద్ది, పాలిష్ పట్టాలి. పట్టిన ప్రతిసారీ పైపూత కాస్త పలచబడుతుంది. కవరు కప్పితే లోపల చిక్కిన దుమ్మే గీతలు పెడుతుంది. ఇక రాయపూర్ మే నెల ఎండ ఉంది. కూపే తలుపు అద్దానికి చుట్టూ ఫ్రేము ఉండదు, పైనున్న రబ్బరు అంచే దానికి కాపు. ఎండకు ఆ రబ్బరు బిరుసెక్కితే దుమ్మూ వానా రెండూ లోపలికే. కొన్ని కార్లకు పుట్టుకతోనే వేడి పడదు. 1990ల తొలి సగంలో కొన్ని మెర్సిడీస్‌లలో ఇంజిన్ వైర్లకు వాడిన పైతొడుగు వేడికి పెళుసెక్కి పొడిపొడిగా రాలేది. బయట మెరుస్తున్న కారులో అలాంటి వైర్ల జత మార్చడమంటే చిన్న పని కాదు.

మరి యమహా ఆర్‌ఎక్స్ 100 సంగతేమిటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1996లో ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100కు తెలుగు ఊళ్లలో ఇవాళ పలికే ధర చూస్తే పాత బండి విలువ పెరగదని ఎవరూ అనలేరు. కానీ ఆ బండికి ప్రతి వీధిలో చేయి తిరిగిన మెకానిక్ ఉన్నాడు, పార్టులు దొరుకుతాయి, నిలబెట్టడానికి వరండాలో మూల చాలు. అంతకన్నా ముఖ్యంగా, దాన్ని కోరుకున్న పదహారేళ్ల కుర్రాళ్లు లక్షల మంది, ఇప్పుడు వాళ్లకు నలభై ఐదేళ్లు వచ్చాయి, చేతిలో డబ్బుంది. పాత బండి ధరను లేపేది ఆ తరం కోరికే. ఇక్కడ కూపే పక్షాన ఉన్న బలమైన వాదం ఒకటుంది, దాన్ని దాచను. 2007లో బీఎండబ్ల్యూ చెన్నైలో ఫ్యాక్టరీ తెరిచాక, అదే కాలంలో ఆడి అడుగుపెట్టాక, ఈ కార్ల పోస్టర్లు గదుల్లో అంటించుకున్న కుర్రాళ్లు కూడా ఎదుగుతున్నారు. 2008లో పదహారేళ్లున్నవాడికి 2037లో నలభై ఐదు వస్తాయి. అప్పుడు కోరిక రావచ్చు, డబ్బూ ఉండొచ్చు. అయితే అప్పటికి ఆ కారు ఇరవై తొమ్మిదేళ్లది, ఇందాకటి లోయకు నట్టనడుమ ఉంటుంది. దాన్ని అప్పటిదాకా మేపినవాడు ఏడాదికి లక్షన్నర చొప్పున పోస్తూనే ఉండాలి.

అరుదుగా ఉండటమే విలువ అన్న వాదన ఇంకొకటి. మన దేశంలో రెండు తలుపుల కార్లు కొన్నవాళ్లే తక్కువ, నిజమే. కానీ కార్లు తక్కువైతే కొనేవాళ్లూ తక్కువే. నెలకు ఒక్కడు కూడా అడగని సరుకుకు ధర ఉండదు, బేరం మాత్రమే ఉంటుంది. అమ్మేవాడికి తొందరున్న రోజున ఆ బేరం ఎటు పోతుందో తుక్కు బజారు ఎరిగిన బీర్‌గావ్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నిజాం కోసం 1912 ప్రాంతంలో తయారైన సింహాసనపు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ లాంటి వాటికి విలువ ఇచ్చేది వాటి చరిత్ర. అలాంటి చరిత్ర లేని కూపేకు అరుదు ఒక్కటే దిక్కు, పార్టు విరిగిన రోజున అదే శాపం. పైగా ధరలు సర్కారు నిర్ణయాలకు ఊగుతాయి. 2025 సెప్టెంబరు 22న పెద్ద కార్లపై సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్న పన్ను 40 శాతం జీఎస్టీకి దిగింది. కొత్తవి తగ్గితే పాతవి నిలబడవు. ఢిల్లీలో పాత వాహనాలపై 2025 ఆగస్టులో కఠిన చర్యలు ఆపిన సుప్రీంకోర్టు, డిసెంబరులో ఆ ఊరటను బీఎస్-4, ఆపై బండ్లకే పరిమితం చేసింది. నాలుగు నెలల్లో రెండు మలుపులు. అక్కడ నిలవలేని కార్లు ఎన్ఓసీ పట్టుకుని మన లాంటి రాష్ట్రాలకే చేరతాయి, ఇక్కడి ధరల మీదే బరువవుతాయి.

పన్ను మాట కూడా అంటారు. సొంత వాడకపు కారు మూలధన ఆస్తి కింద రాదు, అమ్మితే వచ్చిన లాభంపై పన్ను ఉండదు. ఇది నిజం. నష్టం వస్తే దాన్ని ఇంకో లాభంలో సర్దుకోవడం కూడా కుదరదు, ఇదీ నిజమే. ఇక నడిపే ఆనందం ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. మంచి స్ట్రెయిట్ సిక్స్ ఇంజిన్ పలికే తీరుకు డబ్బు పెట్టే హక్కు కష్టపడిన ప్రతి ఒక్కరికీ ఉంది. కాకపోతే ఆ డబ్బు పిల్లల చదువు, ఇంటి కిస్తీ, వ్యాపారపు తిరుగుడు పెట్టుబడి పక్కకు తీసి పెట్టాక మిగిలినదై ఉండాలి. అలా మిగిలినవాళ్లు కొనదలిస్తే నేను చూడమనేవి ఇవి: కారుకు పదిహేనేళ్లు ఎప్పుడు నిండుతాయి, ఆర్‌సీ పొడిగించి ఉందా, విశాఖ ఉప్పుగాలిలో పెరిగిందా, కార్పెట్ ఎత్తితే కింద తుప్పుందా, తలుపు రబ్బర్లు వేలితో నొక్కితే వెనక్కి లేస్తున్నాయా, కంప్యూటర్ పెట్టి లోపాలు చదివే మెకానిక్ రాయపూర్‌లో ఉన్నాడా లేక ప్రతిసారీ నాగపూర్‌కో హైదరాబాద్‌కో ట్రక్కు మీద ఎక్కించాలా. కొన్న ధరకు సమానమైన మొత్తం మొదటి మూడేళ్ల మరమ్మతుకు విడిగా ఉంటే సరే. లేకపోతే ఆ కారు చేరే చోటు మనకు దగ్గరే. టన్నున్నర లోహం, కిలో ముప్పై రూపాయల చొప్పున నలభై ఐదు వేలు, సిల్తరా ఫర్నేసు.