పొద్దు పొడిచే ఊరు

సముద్రం చూడడానికి అంతదూరం పోవాలా అని మా ఆవిడ ప్రశ్న. ఆమె అడగడంలో న్యాయం లేకపోలేదు. మాది బాపట్ల. సూర్యలంక తీరం మాకు దొడ్డివాకిలి వంటిది. కాని హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మాయీ అల్లుడూ ఆ వాదన వింటేనా? కిందటి వేసవిలో మేము వాళ్ళ దగ్గర ఉన్నప్పుడు, మనుమరాలికి బడి సెలవులు కలిసివచ్చాయని, మెక్సికో తీరంలో వారం రోజులు గడిపేందుకు ఏర్పాట్లన్నీ చేసేశారు.

మనుమరాలికి తొమ్మిదేళ్ళు. తెలుగు చక్కగా అర్థమవుతుంది. నోట మాత్రం రాదు. మనం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. పొద్దున్నే “బారెడు పొద్దెక్కింది, లేవవే!” అని అమ్మమ్మ కేకవేస్తే దుప్పటి ముసుగులోంచి వచ్చే మూలుగు కూడా ఇంగ్లీషు మూలుగే. పైకి నవ్వేసినా, మా ఆవిడకు లోపల దిగులే.

ఉదయం విమానమెక్కితే మధ్యాహ్న భోజనం వేళకు కాంకూన్‌లో దిగాం. అక్కడినుంచి దక్షిణంగా కారులో 130 కిలోమీటర్లు పోతే తులుం. దారికి ఇరుపక్కలా పొట్టి అడవి. ఎంతసేపు పోయినా ఒక్క నది తగలలేదు. అల్లుణ్ణి అడిగితే కారణం చెప్పాడు. యూకటాన్ ద్వీపకల్పమంతా సున్నపురాతి నేల. పడిన వాన పడినట్టే లోపలికి ఇంకిపోతుంది. నదులు భూమి అడుగున పారుతాయి. పైకప్పు కూలినచోట పెద్ద బావి ఏర్పడుతుంది. దాన్ని ‘సెనోటే’ అంటారు. పూర్వం మాయా ప్రజలకు తాగునీరు అవే. దేవతల నివాసాలూ అవే.

ఒక సెనోటేలో మేమూ దిగాం. ఒంటికి రాసుకున్న నూనెలూ లేపనాలూ కడుక్కున్నాకగాని దిగనివ్వరు. అడుగు రాళ్ళు స్పష్టంగా కనిపించేటంత తేటనీరు. చిన్న చేపలు వచ్చి కాళ్ళు కొరుకుతుంటే మా ఆవిడ “కృష్ణా రామా!” అని మెట్టుమీద కూర్చుండిపోయింది.

తిండికి ఇబ్బంది పడలేదు. మొక్కజొన్నలు సున్నపు నీళ్ళలో ఉడికించి, రుబ్బి, పల్చని రొట్టెలు చేస్తారు. మన జొన్నరొట్టె పిన్నికూతురనుకోండి. వాటితో నల్ల చిక్కుడు గింజల కూర. అందులో పందికొవ్వు వెయ్యలేదు కదా అని మాత్రం ముందే అడగాలి. గుంటూరు మిరపకాయ తిని పెరిగినవాణ్ణి, నాకేమిటని అక్కడి ‘హబనేరో’ పచ్చడి చెంచాడు నోట్లో వేసుకున్నాను. ఆ తరవాత కథ మనుమరాలు ఇప్పటికీ అందరికీ చెబుతూనే ఉంది.

మర్నాడు ఎండ ముదరకముందే తులుం శిథిలాలకు వెళ్ళాం. మూడువైపులా రాతిగోడ, నాలుగోవైపు సముద్రం. గోడ మందం కొన్నిచోట్ల 8 మీటర్లు! 13వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా బాగా వెలిగిన రేవు పట్నమిది. పడవలమీద పచ్చరాయి, అగ్నిశిల, ఉప్పు దిగేవట. 1518లో గ్రిహాల్వా అనే స్పెయిన్ నావికుడి దండు ఈ తీరం వెంట పోతూ, సెవిల్‌కు తీసిపోని నగరాన్ని చూశామని రాసుకుంది. తరవాత ఆ దొరలు మోసుకొచ్చిన రోగాలతో ఊరు పాడుబడింది.

నలభై అడుగుల కొండచరియ అంచున పెద్ద గుడి. కింద తెల్లని ఇసుక, ఆపైన నీలపు నీరు. మెట్లెక్కడానికి ఇప్పుడు అనుమతి లేదు. పక్కనే చిన్న గుడి గుమ్మంమీద తలకిందులుగా దిగివస్తున్న దేవుడి బొమ్మ ఉంది. రాళ్ళన్నిటిమీదా ఇగువానాలు ఎండకాచుకుంటున్నాయి. మన తొండకు పదింతలుంటాయి, ఎవరొచ్చినా కదలవు. “ఇంటి యజమానులు వీళ్ళే కాబోలు,” అన్నది మా ఆవిడ.

మాకు దారి చూపినతను అరవై దాటిన మనిషి. పొట్టిగా, చామనఛాయగా ఉన్నాడు. అంతా విని, చదువుకున్నవాణ్ణనిపించుకోవాలని, నేనొక ప్రశ్న వేశాను: “ఇంత గొప్ప మాయా జాతి ఎప్పుడు అంతరించిందండీ?”

అతను నవ్వాడు. “నేను మీ ఎదుటే నిలబడి ఉన్నాను కదా, సెన్యోర్!”

నాకు తల కొట్టేసినట్టయింది. అతని ఇంట్లో మాట్లాడేది మాయా భాషేనట. ఆ ద్వీపకల్పంలో ఇప్పటికీ ఏడు లక్షలమందికి పైగా మాట్లాడతారు. పాడుబడింది గుళ్ళుగాని మనుషులు కారు.

అయితే పోయినదీ తక్కువ కాదు. 1562లో మానీ అనే ఊళ్ళో డీగో దె లాండా అనే సన్యాసి మాయావారి పుస్తకాలను రాశిపోసి తగలబెట్టించాడు. చెట్టుబెరడు కాగితంమీద తరతరాలుగా రాసుకున్న జ్ఞానం అది. ఇప్పుడు లోకం మొత్తంమీద మిగిలినవి నాలుగే. చిత్రమేమిటంటే, ఆ లాండాయే మాయా లిపి గురించి కొంత రాసిపెట్టాడు. 1952లో యూరి క్నోరొజోవ్ అనే రష్యా పండితుడు ఆ రాతనే ఆధారం చేసుకుని లిపి చదివే దారి కనిపెట్టాడు. కాల్చిన చెయ్యే తాళంచెవి కూడా వదిలిపోయిందన్నమాట!

“ఈ ఊరి పాతపేరు సమా. పొద్దుపొడుపు అని అర్థం చెబుతారు,” అన్నాడతను. తరవాత మా మనుమరాలి వైపు వంగి, “మా భాషలో సూర్యుణ్ణి ‘కీన్’ అంటాం. రోజునూ కీన్ అనే అంటాం. మీ అమ్మమ్మ భాషలో అటువంటి మాట ఉందా?” అని అడిగాడు.

అమ్మాయి నోరు తెరిచేలోగా పిల్ల అమ్మమ్మ ముఖంలోకి చూసి, మెల్లిగా, “పొద్దు,” అన్నది.

మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఎండ ఎక్కువగా ఉందని పైటచెంగుతో ముఖం తుడుచుకుంది.

మరునాడు సియాన్ కాఆన్ రక్షిత వనానికి పడవలో వెళ్ళాం. ‘ఆకాశం పుట్టే చోటు’ అని ఆ పేరుకు అర్థం. 1987లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మడ అడవులూ, గూడబాతులూ, ఒక మొసలీ కనిపించాయి. జాగ్వార్ పులి ఉందన్నారు, కనిపించకపోవడమే మేలనుకున్నాం. అక్కడికి ఉత్తరాన 2023 డిసెంబరులో కొత్త విమానాశ్రయం, ఆ తరవాత కొత్త రైలూ వచ్చాయి. పని దొరికిందని కొందరికి సంతోషం, అడవి కొట్టేశారని కొందరికి బాధ.

ఆ రాత్రి బస ముందు ఇసుకలో పెద్ద తాబేలు గుడ్లు పెట్టడం దూరంనుంచి చూశాం. దీపాలన్నీ ఆర్పించారు. వెలుతురు చూస్తే పిల్ల తాబేళ్ళు సముద్రం అటే ఉందనుకుని దారి తప్పుతాయట. మన కోస్తాకూ తాబేళ్ళు వస్తాయని మనుమరాలికి చెప్పాను. ఎప్పుడు చూపిస్తావని పట్టుకుంది.

ఆఖరి రోజు. ఇంకా మసకగానే ఉంది. ఎవరో భుజం తట్టి లేపుతున్నారు. కళ్ళు తెరిస్తే మనుమరాలు అమ్మమ్మ మంచం దగ్గర నిలబడి ఉంది.

“అమ్మమ్మా, లే. పొద్దు లేచింది.”

‘పొడిచింది’ అనాలని దిద్దబోయి మా ఆవిడ ఊరుకుంది. చెప్పులైనా వేసుకోకుండా పిల్ల చెయ్యి పట్టుకుని ఇసుకలోకి నడిచింది. అక్కడా సముద్రం తూర్పునే.