మా ఇంటి మల్లెపొద

మా ఇంటి పెరటిలో, బావిగట్టు ప్రక్కన ఒక గుండుమల్లె పొద ఉన్నది. దానిని నాటినది మా అమ్మ. ఇంటిలో మేము దానిని ‘మోతియా’ అంటాము. వీధిలో తోటివారితో ‘మల్లె’ అంటాము. మొగ్గ ముత్యంవలె ఉంటుంది గనుక ఉర్దూలో ఆ పేరు. ఫిలిప్పీన్స్ దేశానికి 1934 నుండి ఇదే జాతీయ పుష్పం. మాకు మాత్రం అది అమ్మ పూవు.

అమ్మ గతించిన పిదప ఆ పొద బాధ్యత మా ముగ్గురు తోబుట్టువులపై పడినది. రెండు పూటలా నీరు పోసినాము. శీతాకాలంలోనూ మానలేదు. కత్తెర మాత్రం తాకనీయలేదు. అమ్మ పెంచిన కొమ్మను కోయడానికి మాకు మనసొప్పలేదు.

మొదటి వేసవిలో పూలు తగ్గినవి. రెండవ వేసవికి దోసెడైనా రాలేదు. పొద గుబురై లోపలి కొమ్మలకు ఎండ సోకలేదు, ఆకులు పసుపుబారినవి. “మీ అమ్మతోనే దీని పూత కూడా పోయింది” అన్నారు నాన్న. ఆ మాట మమ్మల్ని కలచివేసినది.

ఊరి వెలుపల మల్లెతోట పెంచే ఒక వృద్ధ రైతును పిలుచుకొని వచ్చినాము. ఆయన పొదను చూసి, “మల్లె కొత్త కొమ్మకే పూస్తది బిడ్డా. పాత కొమ్మ మీద ప్రేమ పెట్టుకుంటే ఆకే మిగుల్తది” అన్నాడు. చలికాలం రాగానే నీరు ఆపి మొక్కకు విశ్రాంతినివ్వాలనీ, ఆకు దూసి, మోకాలెత్తున కొమ్మలు కత్తిరించాలనీ, పిదప పాదు త్రవ్వి పశువుల ఎరువు వేసి నీరు కట్టాలనీ చెప్పాడు.

నవంబరులో నీరు ఆపినాము. డిసెంబరు చివర ఆకు దూసినాము. అప్పుడు కనబడినవి, సరిగ్గా మోకాలెత్తున, మానిపోయిన పాత కోతల గుర్తులు! అమ్మ ఏటేటా కోసినదే. మేము బడికి పోయిన వేళల్లో కోసియుండును. మేము ఎరిగినది ఆమె తురిమిన పూలనే కాని, ఆమె పట్టిన కత్తెరను కాదు. ఆ గుర్తుల మీదుగానే మేమూ కోసినాము. ఆనాడు పెరడు బోసిపోయినది. నాన్న బావి వైపు రాలేదు.

ఫిబ్రవరిలో చిగురు వచ్చినది. మార్చి చివర ఒక సాయంకాలం నాన్నే మమ్మల్ని పిలిచి తెల్లని మొగ్గలను చూపినారు.

ఆ వానకాలంలో ఒక కొమ్మను నేలకు వంచి అంటు తొక్కినాము. వేరు పట్టిన ఆ పిలకనే మన కళాశాల గ్రంథాలయం ముంగిట నాటినాము. విద్యార్థి మిత్రులకూ, కమిటీ పెద్దలకూ ఒక మనవి: రానున్న డిసెంబరులో మేము కత్తెరతో దాని దగ్గరకు వచ్చినప్పుడు దయచేసి అడ్డుపడవద్దు.